నాయన డోజరు, మిట్ట చేను: ప్రకృతి రైతుకు ఈ బండి ఎందుకు?



పోయిన నెల మన ఛానెల్లో పెట్టిన డోజర్ వీడియో చూసి చాలామంది తిట్టారు. తిట్టడంలో తప్పు లేదు. "జీవామృతం పోసే చేత్తోనే బుల్డోజర్ లివర్ పడతావా?" అని ఒక అన్న రాశాడు. "నేలను కదపొద్దు అని చెప్పేదీ నువ్వే, పది టన్నుల బండిని చేన్లోకి దింపేదీ నువ్వేనా?" అని ఇంకొకరు అడిగారు. పన్నెండు నిమిషాల వీడియోలో అన్నీ చెప్పలేకపోయాను. బండి స్టార్ట్ అవ్వడం, పొగ రావడం, మేమందరం చప్పట్లు కొట్టడం, అంతే కనిపించింది. అసలు సంగతి అందులో లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ప్రకృతి వ్యవసాయానికి డోజర్ శత్రువు కాదు. పైమట్టిని పక్కకు తీసి పెట్టకుండా బ్లేడు దించే అలవాటు శత్రువు. బండితో చెడిపోయిన చేనును బండితోనే ఒక్కసారి సరిచేసుకోవచ్చు. ఆ తర్వాత ఆ బండి మళ్లీ చేన్లోకి రాకూడదు. ఇంకో మాట. తండ్రి వదిలిపెట్టిన పాత మిషన్‌ను ప్రేమ కొద్దీ బాగు చేయొద్దు, దానికి మీ దగ్గర సరైన పని ఉంటేనే చేయండి. ఈ రెండు మాటలూ నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవే.

వేపచెట్టు కింద నాలుగేళ్లు

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు చిన్న ఊరు. పైన ఎర్ర మట్టి, ఒక అడుగు లోతు పోతే గరుసు. జిల్లా సగటు వర్షం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. శెనక్కాయ, కంది, కొర్ర మా పంటలు. నేను అగ్రికల్చర్ డిప్లొమా చేసి, కొన్నాళ్లు బయట ఉద్యోగం చేసి, ఊరికి వచ్చి ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టా. గానుగ నూనె, కొర్ర బియ్యం అమ్మే చిన్న యూనిట్ కూడా ఉంది.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు నాయన ఒక కాంట్రాక్టర్ దగ్గర ఈ డోజర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. బీఈఎంఎల్ డీ-50. జపాన్ కొమాట్సు కంపెనీ టెక్నాలజీతో మన దేశంలోనే తయారైన బండి. ఇరవై ఏళ్లు చుట్టుపక్కల ఊళ్లలో చేన్లు చదును చేసింది, చిల్లకంప పీకింది, కుంటలు తవ్వింది. మా ఫీజులు, అక్క పెళ్లి, బోర్లు, బోర్ల అప్పులు, అన్నీ దాని మీదనే నడిచాయి. 2018లో నాయన పోయాడు. అప్పటి నుంచి బండి వేపచెట్టు కింద నిలబడిపోయింది. చైన్ల మధ్య గడ్డి మొలిచింది. సీటు కింద ముంగిస కాపురం పెట్టింది.

2022లో పాత ఇనుము కొనే ఆయన వచ్చాడు. "కిలో 30 లెక్కన చూసుకో. గ్యాస్ కటింగ్ ఖర్చు నాదే" అన్నాడు. లెక్క వేస్తే మూడు లక్షలకు పైనే. వద్దని చెప్పింది నేను. అమ్ముదామన్నది మా అమ్మ.

"అమ్మేయప్పా. దానికి మీ నాయన కట్టిన వడ్డీలు నాకు తెలుసు" అనింది.

నేను వినలేదు. వారం రోజులు అమ్మ నాతో సరిగా మాట్లాడలేదు. తర్వాత ఒక రోజు అన్నం పెడుతూ, "బాగు చేస్తే చెయ్యి. అయితే ముందు మన మిట్ట చేను బాగు చెయ్యాల. ఆ తర్వాతే ఊరోళ్ల చేన్లకు పో" అనింది. ఆ మాట ఎందుకు అనిందో నాకు తెలుసు.

మిట్ట చేనుకు ఏమైందంటే

మిట్ట చేను నాలుగు ఎకరాలు. ఒకప్పుడు కొంచెం వాలుగా ఉండేదంట. మా చేన్లన్నిటిలోకి అదే బాగా పండేదని అమ్మ చెబుతుంది. బోరు పడి నీళ్లు బాగా వచ్చేసరికి నాయనకు వరి ఆశ పుట్టింది. వరికి సమమైన మడి కావాలి. సొంత బండి ఇంట్లోనే ఉంది. నాలుగు రోజుల్లో వాలంతా కొట్టి రెండు పెద్ద కయ్యలు చేశాడు. రెండేళ్లు వరి పండింది. మూడో ఏడు బోరు ఎండిపోయింది.

అప్పుడు తెలిసింది అసలు నష్టం. ప్రతి కయ్యలోనూ ఎగువ సగం గరుసు తేలింది. శెనక్కాయ వేస్తే చెట్టు జానెడు కూడా లేవదు. దిగువ సగం కూడా పెద్దగా పండదు. వాన పడితే ఒకచోట నీళ్లు నిలుస్తాయి, ఇంకోచోట జారిపోతాయి. ఎకరానికి రెండు మూటలు వస్తే గొప్ప. పక్క చేన్లలో అదే వానకు తొమ్మిది మూటలు వచ్చేవి.

నేను ఊరికి వచ్చాక ఆ చేను మీద మన పద్ధతులన్నీ వాడి చూశా. ఘనజీవామృతం వేశా, నవధాన్యాలు చల్లా, ఆకుతో కప్పా. మూడేళ్లు చేశా. పచ్చదనం కొంచెం వచ్చింది కానీ గరుసు గరుసులాగే ఉండిపోయింది. ఇక్కడ మనం నిజాయితీగా మాట్లాడుకోవాలి. జీవామృతం మట్టిలో ప్రాణాన్ని పెంచుతుంది. మట్టే లేని చోట మూడేళ్లలో మట్టిని పుట్టించదు. ఒక అంగుళం పైమట్టి ప్రకృతిలో తయారవ్వాలంటే వందల ఏళ్లు పడుతుందని మనం డిప్లొమాలో చదువుకున్నదే. బ్లేడు దాన్ని ఒక్క తోపులో తీసుకుపోతుంది.

నాయన దగ్గర ఇరవై ఏళ్లు ఈ బండి నడిపిన ఆపరేటర్ మామ ఉన్నాడు. ఇప్పుడు మేకలు కాసుకుంటున్నాడు. ఆయన దగ్గరికి పోయి అడిగా. "మామా, నాయనకు ఇది తెలీదా?"

"తెలీకేం అల్లుడా. పైమట్టి పక్కన పెట్టి, కింద చదును చేసి, మళ్లీ పైన పరుద్దామని నేనే ఎన్నిసార్లు చెప్పినా. పనికి రెండింతల గంటలు పడతాయి. గంటకింత అని బాడుగ ఇచ్చే రైతు దానికి ఒప్పుకోడు రా అనేవాడు మీ నాయన. నిజమే కదా, వాళ్లు గడియారం చూస్తా నిలబడతారు."

"మన చేనుకు ఎవురు గడియారం చూసినారు?"

మామ కొంచెంసేపు మాట్లాడలేదు. "అప్పుడు నారు ముదిరిపోతా ఉండె" అన్నాడు.

ఈ మాట మీద నేను చాలా ఆలోచించా. మన ప్రాంతంలో చేన్లు పాడవ్వడానికి కారణం ఇనుప బ్లేడు ఒక్కటే కాదు. గంట బాడుగ పద్ధతి కూడా. గంటకు డబ్బులు కట్టేటప్పుడు రైతుకు తొందర, యజమానికి తొందర. ఆ తొందరలో పైమట్టి కిందికి పోయి, గరుసు పైకి వస్తుంది. ఇప్పుడు డోజర్ పోయి జేసీబీ, హిటాచీ వచ్చాయి. పద్ధతి మాత్రం అదే.

బండి విప్పాక తెలిసిన సంగతులు

ఇంట్లో పాత మిషన్ పెట్టుకున్న వాళ్ల కోసం ఈ భాగం రాస్తున్నా. వీడియోలో అడిగిన ప్రశ్నలకు ఇదే జవాబు.

ఏళ్ల తరబడి నిలబడిన ఇంజిన్‌ను బ్యాటరీ పెట్టి వెంటనే తిప్పొద్దు. నేను ఆ తప్పు చేయబోతే మెకానిక్ భాయ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. ముందు ఇంజిన్ ఆయిల్ దించి చూశాం. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే అందులో నీళ్లు చేరినట్టు. మాది నల్లగా, చిక్కగా ఉంది, బతికిపోయాం. ట్యాంకులో పాత డీజిల్ మొత్తం పారబోసి కడిగాం. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుక గూడు తీశాం. ఇంజెక్టర్లు ఊడదీసి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేశాం. తర్వాత రాడ్డుతో ఇంజిన్‌ను చేత్తోనే మెల్లగా తిప్పాం. తిరిగింది. తిరక్కపోతే అక్కడే ఆగి హెడ్ విప్పాలి, బలవంతం చేయకూడదు. మాకు చివరికి లైనర్లు, పిస్టన్ రింగులు మార్చక తప్పలేదు.

చైన్ బండిలో పెద్ద ఖర్చు ఇంజిన్ కాదు, కింది భాగం. చైన్లు, రోలర్లు, ఐడ్లర్, స్ప్రాకెట్ అక్కడే ఉంటాయి. "చైన్ సాగింది" అంటారు కదా, నిజానికి ఇనుము సాగదు. లోపల పిన్ను, బుష్షు ఒక పక్కనే అరుగుతాయి. ఆ సందు వల్ల చైన్ పొడవైనట్టు కనిపిస్తుంది. మాకు కొత్త చైన్ కొనే శక్తి లేదు. బళ్లారి వైపు గనులు ఉండబట్టి అక్కడ ట్రాక్ ప్రెస్ షెడ్లు ఉన్నాయి. అక్కడికి తీసుకుపోయి పిన్నులు, బుష్షులు నొక్కి తీయించి, అరగని పక్క పనిలోకి వచ్చేలా తిప్పి వేయించాం. కొత్త చైన్ ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. అయితే బుష్షు పగిలేదాకా వాడేస్తే తిప్పడానికి ఏమీ మిగలదు. ముందే చూసుకోవాలి.

ఇంకో రెండు చిన్న విషయాలు. చైన్ మరీ బిగుతుగా పెట్టొద్దు. మేము ఐడ్లర్‌కూ పై రోలర్‌కూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల జోలె ఉండేట్టు గ్రీజు కొట్టి పెట్టుకుంటాం. బిగుతు ఎక్కువైతే అన్నీ తొందరగా అరుగుతాయి. రివర్స్‌లో వేగంగా తోలొద్దు. బుష్షులు అరిగేది ఎక్కువ అప్పుడే.

ఒక దెబ్బ కూడా తిన్నాం. హైడ్రాలిక్ సిలిండర్ సీల్ కిట్ ఒరిజినల్ అని చెప్పి ఒక షాపులో అంటగట్టారు. నలభై గంటలకే కారింది. పాత సీలు పట్టుకుపోయి కొలతలు, గట్టిదనం పోల్చుకుని కొనుంటే ఆ డబ్బు మిగిలేది.

మొత్తం లెక్క ఇది. ఇంజిన్ పని 1,70,000. చైన్లు, రోలర్లు 2,35,000. స్టీరింగ్ క్లచ్‌లు, బ్రేకులు 62,000. హైడ్రాలిక్ 48,000. బ్లేడు కింద కటింగ్ ఎడ్జ్, వెల్డింగ్ 38,000. లారీ మీద తీసుకుపోయి తేవడం 27,000. కలిపితే 5,80,000 రూపాయలు. పాత ఇనుముకు వచ్చే మూడు లక్షలు వదులుకున్నా కాబట్టి, నిజానికి ఈ బండి నాకు దాదాపు తొమ్మిది లక్షలకు పడింది. అందులో నాలుగు లక్షలు అప్పు. రంగు వేయించలేదు. వీడియోలో తుప్పు కనిపిస్తోందని కొందరు ఎగతాళి చేశారు. రంగు డబ్బులు రోలర్ల మీద పెట్టా.

పాతుకుపోయిన మట్టిని పైకి తీశాం

బండి తయారయ్యాక కూడా వెంటనే చేన్లోకి పోలేదు. ముందు గడ్డపారతో మిట్ట చేన్లో పదకొండు గుంతలు తవ్వి చూశాం. వీడియోలో ఇది తొందరగా వెళ్లిపోయింది కానీ, అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే.

చదును చేసేటప్పుడు బ్లేడుకు మొదట దొరికేది పైమట్టే. అది మొదట పోయి దిగువ పల్లంలో పడుతుంది. తర్వాత తవ్విన గరుసు దాని మీద పడుతుంది. అంటే మంచి మట్టి ఎక్కడికీ పోలేదు, దిగువ సగంలో గరుసు కింద ఉండాలి. గుంతలు తీస్తే నిజంగానే కనిపించింది. అడుగున్నర గరుసు కింద ముదురు ఎరుపు మట్టి, అడుగుకు పైగా మందం. దాంట్లో ఎప్పటివో ఎండిన వేళ్లు కూడా ఉన్నాయి. అమ్మ వచ్చి ఆ మట్టి పిడికెడు తీసుకుని నలిపి చూసింది. "ఇదే" అనింది. ఇంకేం మాట్లాడలేదు.

ఆపరేటర్ మామను బతిమాలి పిలుచుకొచ్చా. వేసవిలో, నేల పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు పని మొదలుపెట్టాం. దిగువ సగంలో గరుసును పట్టీలు పట్టీలుగా తీసి పక్కకు తోశాం. అది గట్లకు, బండి బాటకు పనికొచ్చింది. కింద దొరికిన మంచి మట్టిలో సగం అక్కడే వదిలేసి, సగం ఎగువ గరుసు మీదికి అర అడుగు మందంలో పరిచాం. దీంతో చేనుకు మళ్లీ కొంచెం వాలు వచ్చింది. దాన్ని అలాగే ఉంచాం. ఏ ఫ్రేమ్‌తో సమతల గీతలు గుర్తుపెట్టి, ఆ గీతల మీద గట్లు, గట్టుకు ఎగువన చిన్న కందకాలు వేశాం. ఎకరం మీద ఒక అంగుళం వాన పడితే లక్ష లీటర్లకు పైగా నీళ్లు. ఆ నీళ్లు జారిపోకుండా చేన్లోనే ఇంకడమే మా లెక్క.

చైన్ తొక్కిన నేల గట్టిపడింది కాబట్టి చిజెల్ నాగలితో ఒక్కసారి అడ్డంగా గీతలు వేశాం. వెంటనే ఎకరానికి 400 కిలోల ఘనజీవామృతం, 12 కిలోల నవధాన్యాలు. తొలకరికి ముందే చల్లేశాం. నేల ఖాళీగా ఒక్క వానను కూడా చూడకూడదని పంతం.

మొత్తం 62 గంటలు పట్టింది. 730 లీటర్ల డీజిల్. డబ్బుల్లో 70 వేలకు పైనే. రెండు ఖరీఫ్‌లు గడిచాయి. పోయిన పంటలో ఆ చేన్లో ఎకరానికి ఐదు మూటల శెనక్కాయ వచ్చింది. ముందు రెండు వచ్చేది. పక్క చేన్లలో తొమ్మిది వచ్చిన సంవత్సరమే అది. అంటే మిట్ట చేను ఇంకా కోలుకోలేదు. ఎకరానికి మూడు మూటలు ఎక్కువ, మూట 2,500 లెక్కన నాలుగు ఎకరాలకు 30 వేలు. డీజిల్ ఖర్చు రెండున్నరేళ్లలో తిరిగొస్తుంది. బండి బాగు చేసిన ఖర్చు ఈ ఒక్క చేనుతో ఎప్పటికీ రాదు. ఈ లెక్క దాచిపెట్టి "అద్భుతం జరిగింది" అని నేను వీడియో చేయను.

బరువు సంగతి

"పది టన్నులు ఎక్కితే వానపాములు బతుకుతాయా?" అని అడిగారు. మంచి ప్రశ్న. మా బండి చైన్ నేలకు ఆనే పొడవు ఒక్కో పక్క రెండు మీటర్లకు కొంచెం పైన, వెడల్పు 46 సెంటీమీటర్లు. రెండు పక్కలా కలిపితే సుమారు 20 వేల చదరపు సెంటీమీటర్లు. పదకొండు టన్నులు అనుకున్నా ఒక చదరపు సెంటీమీటర్ మీద అర కిలో చిల్లర. ఇసుక నింపిన ట్రాక్టర్ ట్రాలీ టైరు దీనికంటే ఎక్కువ నొక్కుతుంది.

అసలు చైన్ బండి పుట్టిందే చేను కోసం. అమెరికాలోని కాలిఫోర్నియాలో మెత్తటి నేలల్లో బరువైన ఆవిరి ట్రాక్టర్ల చక్రాలు దిగబడుతుంటే, 1904లో బెంజమిన్ హోల్ట్ చక్రాలు తీసేసి చైన్లు వేసి చూశాడు. 1923లో కాన్సస్‌లో ట్రాక్టర్ ముందు బ్లేడు కట్టి తొలి బుల్డోజర్లలో ఒకటి చేసిన ఇద్దరిలో జేమ్స్ కమింగ్స్ రైతు, ఎర్ల్ మెక్‌లాయిడ్ డ్రాఫ్ట్స్‌మన్.

అలాగని బరువు లెక్కలోకి రాదని నేను అనడం లేదు. ఒత్తిడి తక్కువైనా మొత్తం బరువు లోతుకు దిగుతుంది, బండి అదురు దానికి తోడు. తడి నేల మీద తోలితే అది ఇటుక అవుతుంది. అందుకే ఏటా చేసే పని కాదు ఇది. మనం "దున్నొద్దు" అనేది ఏటా చేసే సాగు గురించి. చేను ఆకారాన్ని సరిచేయడం తరానికి ఒకసారి జరిగే పని. ఈ రెంటినీ కలిపి మాట్లాడటం వల్లే మన మధ్య సగం గొడవలు.

నేను చేయకుండా ఉండాల్సిన పని

ఇది వీడియోలో చెప్పలేదు. చెప్పే ధైర్యం అప్పుడు లేదు.

పోయిన ఏడు అప్పు కంతు కట్టాల్సిన నెలలో చేతిలో డబ్బు లేదు. రోడ్డు పక్కన వెంచర్ వేసే వాళ్లు పిలిచారు. మూడు రోజులు పని, గంటకు మంచి రేటు, సాయంత్రానికి చేతికి డబ్బు. వెళ్లా. అది ఎవరో శెనక్కాయ పండించిన చేను. ఇంకా గెనుమలు ఉన్నాయి. గెనుమ మీద రెండు రేగు చెట్లు. నా బండే వాటిని తోసేసింది. లివర్ దగ్గర మామ ఉన్నాడు, బండి పక్కన గడియారం చూస్తా నేను నిలబడి ఉన్నా. ఆ సంగతి నాకు రెండో రోజు మధ్యాహ్నం తట్టింది.

ఎలాగూ రోడ్ల కింద పూడ్చేస్తారు కదా అని, ఆ పైమట్టి నాకు ఇవ్వమని అడిగా. ఇచ్చారు. ట్రాక్టర్‌తో ఇరవై ట్రిప్పులు మిట్ట చేనుకు తోలుకున్నా. మట్టి బతికిందని నాకు నేను చెప్పుకున్నా. ఇంటికొచ్చి అమ్మకు చెబితే, "ఎవురి చేను అది?" అని అడిగింది. నాకు పేరు కూడా తెలీదు.

కంతు కట్టా. తర్వాత వాళ్లు ఇంకో 200 గంటల పని ఇస్తామన్నారు. ఒప్పుకుని ఉంటే అప్పు చాలా మటుకు తీరిపోయేది. వద్దన్నా. ఇందులో గొప్పతనం ఏమీ లేదు, మొదటిది చేసేశా కదా. కానీ బండి బాగు చేసుకున్న వాళ్లకు ఈ పరిస్థితి తప్పకుండా వస్తుంది. అప్పు మీద బాగు చేసిన మిషన్ ఊరికే నిలబడదు. దానికి గంటలు కావాలి. మంచి పని దొరక్కపోతే చెడ్డ పనికి పోతుంది. నాయన బండి కథ కూడా ఇదేనని నాకు అప్పుడే అర్థమైంది.

ఇప్పుడు మా షరతులు

ఇప్పుడు మా బండిని పిలిచే రైతులకు ముందే ఈ మాటలు చెబుతా. ఒప్పుకుంటేనే వస్తాం.

ఒకటి, గంట బాడుగ లేదు. చేను చూసి, గుంతలు తీసి చూసి, పని మొత్తానికి ఒక ధర. పైమట్టి అర అడుగు తీసి కుప్ప పెట్టడం, చివర్లో తిరిగి పరచడం ఆ ధరలోనే ఉంటుంది. తొందరపడితే మాకు లాభం, నిదానిస్తే మీకు నష్టం అనే లెక్కే ఉండదు. డీజిల్ అటూ ఇటూ అయితే ఆ నష్టం నాదే.

రెండు, నేల తడిగా ఉంటే బండి దిగదు. పిడికిలి పట్టి ఉండ చేస్తే, ఉండ పొడిగా రాలిపోవాలి. ముద్దగా నిలిస్తే వెనక్కి పోతాం.

మూడు, చేను మొత్తం పళ్లెంలా చదును చేయం. వాలుకు అడ్డంగా గట్లు, కందకాలు, నీటి కుంట, పూడిక మట్టి పరచడం, ఇవే మా పనులు. గుట్ట, వంక గట్టు, పెద్ద చెట్టు ముట్టుకోం.

నాలుగు, పని అయిన వారంలోపు నవధాన్యాలు పడాలి. విత్తనం, ఘనజీవామృతం సిద్ధంగా లేకపోతే తేదీ వాయిదా.

ఐదు, అదే చేనుకు రెండోసారి రాం.

ఈ షరతుల వల్ల పని తగ్గింది. ఏడాదిలో బండి నడిచేది రెండు వందల గంటలు కూడా లేదు. అప్పు ఇంకా లక్షన్నర ఉంది. నూనె అమ్మిన డబ్బుతోనే ఎక్కువ భాగం కడుతున్నా.

మీ ఇంటి ముందు ఇలాంటి బండి ఉంటే

ఈ వీడియోలు చూసి చాలామంది తమ్ముళ్లు ఫోన్ చేస్తున్నారు. "అన్నా, మా నాయనది కూడా పాత డోజర్ ఉంది, బాగు చేయమంటావా?" అని. నా జవాబు చాలామందికి నచ్చదు. ఇంజిన్ బ్లాక్ పగిలి ఉంటే, ఫైనల్ డ్రైవ్ గేర్లు పోయి ఉంటే, చైన్లు తిప్పడానికి కూడా పనికిరాకపోతే, ఫోటో తీసుకుని అమ్మేయండి. మీ ఊళ్లో సరిచేయాల్సిన చేన్లు లేకపోతే అమ్మేయండి. లోతైన కుంట తవ్వడానికి హిటాచీయే మేలు, డోజర్ కాదు. యాభై, అరవై మీటర్ల లోపు మట్టిని పలచగా తోసి పరచాలంటేనే డోజర్ మేలు. ఎక్కువమంది ప్రకృతి రైతులకు సొంత బండి అవసరమే లేదు. రెండు రోజుల బాడుగ బండి, సమతల గీతలు గుర్తుపెట్టే మనిషి, పైమట్టి పక్కన పెట్టించే ఓపిక ఉంటే చాలు.

బండిని బాగు చేయాలనే నిర్ణయానికి వస్తే, అంతకంటే ముందు పాత ఆపరేటర్‌ను వెతకండి. సామాన్లు బళ్లారిలో దొరుకుతాయి, విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతాయి. అర అడుగు మందం పైమట్టిని కింద గరుసు తగలకుండా గీకే చెయ్యి ఎక్కడా కొనలేం. ఆ చేతులు ఇప్పుడు మేకలు కాస్తున్నాయి. మా మామ దగ్గర ఊళ్లోని ఇద్దరు పిల్లలు నేర్చుకుంటున్నారు. వాళ్లకు ఆయన మొదటి నెల లివర్ ఇవ్వలేదు, గడ్డపారే ఇచ్చాడు.

మొన్న తొలకరికి మిట్ట చేనులో అమ్మ కూడా నవధాన్యాలు చల్లింది. ఎగువ సగంలో ఇంకా రెండు మూడు చోట్ల గరుసు తెల్లగా కనిపిస్తోంది. "ఇక్కడ ఇంకొంచెం మట్టి పడాల" అనింది. బండి తెస్తానన్నా. "వద్దు. గంపతో పోస్తాం" అనింది. ఇప్పుడు సాయంత్రం పూట అదే పని చేస్తున్నాం.

కొత్త వీడియోలో ఆ పదకొండు గుంతలు ఎక్కడ తీశాం, ఏ గుంతలో ఎంత లోతుకు మంచి మట్టి దొరికింది అని నిదానంగా చూపించా. మీ చేన్లలో ఎప్పుడైనా చదును పని జరిగి ఉంటే, ఈ వారం దిగువ పక్క రెండు గుంతలు తీసి చూడండి. ఏం కనిపించిందో వీడియో కింద రాయండి. తిట్లు కూడా రాయండి, అన్నీ చదువుతా.